ఇల్లు ఒకటే, పన్ను మాత్రం ఒప్పందాన్ని బట్టి: కాంట్రాక్టర్ బిల్లులో జీఎస్టీ లెక్క

2025 సెప్టెంబర్ 22న సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అప్పటి నుంచి ఇల్లు కట్టించుకుంటున్న ప్రతివాళ్లూ కాంట్రాక్టర్‌ని అడిగే ప్రశ్న ఒకటే: "సిమెంట్ తగ్గిందిగా, అడుగు రేటు ఎందుకు తగ్గదు?" ఆయన చెప్పే జవాబూ ఒకటే: "నా బిల్లు మీద 18 శాతం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే సార్." యజమానికి అది దాటవేతలా వినిపిస్తుంది. నిజానికి చాలా సందర్భాల్లో కాంట్రాక్టర్ మాటే సరైనది. అదే వీధిలో, అదే మేస్త్రితో కట్టిస్తున్న పక్కింటాయనకి మాత్రం సిమెంట్ తగ్గుదల అచ్చంగా జేబులో మిగిలింది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఇంటి నిర్మాణం మీద పన్ను సంగతి సగం తెలిసినట్టే.

వ్యాట్ పోయింది, మాట మిగిలింది

పాత కాంట్రాక్టర్లు ఇప్పటికీ "వ్యాట్ ఎంత వేయాలి?" అనే అడుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్, అంటే సరుకుల అమ్మకం మీద రాష్ట్రం వేసే విలువ ఆధారిత పన్ను, 2005 ఏప్రిల్ 1న వచ్చింది. ఇంటి నిర్మాణానికి సంబంధించినంతవరకు 2017 జూలై 1న జీఎస్టీలో కలిసిపోయింది. ఆ పన్నెండేళ్ల లెక్క ఇంకా జనం తలల్లో తిరుగుతూనే ఉంది. ఇవాళ్టి గందరగోళంలో చాలా భాగం దాని వల్లే.

అసలు గొడవ అంతకన్నా పాతది. ఇల్లు కట్టివ్వడం అంటే సరుకు అమ్మడమా, పని చేసిపెట్టడమా? 1958లో గానన్ డంకర్లీ కేసులో సుప్రీంకోర్టు, భవన నిర్మాణ ఒప్పందం విడదీయరానిదనీ, అందులో విడిగా సరుకు అమ్మకం లేదనీ, కాబట్టి రాష్ట్రాలు దాని మీద అమ్మకం పన్ను వేయలేవనీ చెప్పింది. 1982లో 46వ రాజ్యాంగ సవరణ ఆ ఒప్పందాన్ని కాగితం మీద రెండుగా చీల్చింది. గోడలోకి వెళ్లిన ఇటుక, సిమెంట్, ఇనుము అమ్మకంతో సమానమయ్యాయి. దాంతో రాష్ట్రం మెటీరియల్ భాగం మీద పన్ను తీసుకుంది. 2007 నుంచి కేంద్రం వర్క్స్ కాంట్రాక్టుల్లోని పని భాగం మీద సర్వీస్ ట్యాక్స్ మొదలుపెట్టింది. ఒకే ఒప్పందానికి రెండు ప్రభుత్వాలు రెండు వైపుల నుంచి కొలతబద్ద పట్టాయి.

జీఎస్టీ ఈ చీలికను మళ్లీ అతికించింది. స్థిరాస్తి నిర్మాణంలో సరుకు కూడా చేతులు మారితే దాన్ని వర్క్స్ కాంట్రాక్ట్ అంటారు. మొత్తాన్నీ ఒక సేవగానే చూస్తారు. మామూలు ఇంటికి దాని మీద రేటు 18 శాతం, కేంద్రానికి సీజీఎస్టీ 9, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 9. వ్యాట్ రోజుల్లోలాగా "కూలి తీసేసి మిగతా దాని మీద" అన్న మాట ఇప్పుడు చెల్లదు. కూలితో, లాభంతో సహా మొత్తం మీద పన్ను.

మెటీరియల్ ఎవరిది అన్నదే మొదటి ప్రశ్న

మన దగ్గర సొంత స్థలంలో ఇల్లు కట్టించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి లేబర్ కాంట్రాక్ట్: సిమెంట్, ఇనుము, ఇసుక, టైల్స్ అన్నీ యజమానే కొంటాడు, మేస్త్రి మనుషుల్ని పెట్టి పని చేయిస్తాడు. రెండోది విత్ మెటీరియల్: అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటే కాంట్రాక్టర్ అన్నీ తెచ్చి తాళం చేతిలో పెడతాడు.

విత్ మెటీరియల్ అంటే వర్క్స్ కాంట్రాక్ట్, 18 శాతం. లేబర్ కాంట్రాక్ట్‌కి చట్టంలో మినహాయింపు ఉంది: నివాస సముదాయంలో భాగం కాని ఒక్క నివాస యూనిట్‌కి సంబంధించిన కొత్త నిర్మాణానికి కేవలం కూలి పని మాత్రమే చేస్తే జీఎస్టీ సున్నా. ఈ వాక్యంలో మూడు షరతులు ఒదిగి ఉన్నాయి. కేవలం కూలి అయ్యుండాలి, కొత్త నిర్మాణం అయ్యుండాలి, ఒక్క యూనిట్ అయ్యుండాలి. మూడింటిలో ఏది తప్పినా మినహాయింపు పోతుంది. పాత ఇంటికి టైల్స్ మార్చడం, రంగులు వేయించడం కూలి పనే అయినా కొత్త నిర్మాణం కాదు, కాబట్టి అక్కడ మినహాయింపు లేదు.

ఇక "కేవలం" అన్న మాట చాలా పదునైనది. మేస్త్రి తన సెంట్రింగ్ రేకులు, కర్రలు, మిక్సర్ తెచ్చుకుంటాడు. అవి పనిముట్లు, పని అయ్యాక తిరిగి తీసుకుపోతాడు, వాటితో ఇబ్బంది లేదు. కానీ బైండింగ్ వైరు, పైపులు, ఫిట్టింగ్‌లు తన డబ్బుతో కొని గోడలో పెట్టేశాడనుకోండి, సరుకు చేతులు మారినట్టే. అక్షరాలా చదివితే అప్పుడది వర్క్స్ కాంట్రాక్ట్, కొన్ని వేల సరుకు కోసం లక్షల కూలి మీద 18 శాతం పడుతుంది. అందుకే జాగ్రత్తపరులైన మేస్త్రులు చిన్న సామాను కూడా యజమాని పేరు మీదే బిల్లు చేయించి, ఖర్చును అంతకంతే రాబట్టుకుంటారు.

మధ్యస్థంగా మూడో రకమూ ఉంది: సిమెంట్, ఇనుము యజమానివి, మిగతావన్నీ కాంట్రాక్టర్‌వి. ఇది కూడా వర్క్స్ కాంట్రాక్టే. అయితే యజమాని ఇచ్చిన సిమెంట్, ఇనుము విలువను కాంట్రాక్టర్ బిల్లుకి కలిపి పన్ను వేయాలా? అవి యజమానే ఇవ్వాలని ఒప్పందంలో మొదటి నుంచీ ఉంటే అక్కర్లేదన్నది ఎక్కువమంది అంగీకరించే వాదన. సర్వీస్ ట్యాక్స్ కింద 2018లో భయానా బిల్డర్స్ కేసులో సుప్రీంకోర్టు ఉచితంగా ఇచ్చిన సామగ్రి విలువను కలపనక్కర్లేదని తేల్చింది. జీఎస్టీలో చిక్కు ఎక్కడొస్తుందంటే, సిమెంట్ తెచ్చే బాధ్యత కాంట్రాక్టర్‌దని రాసుకుని, తర్వాత యజమాని కొనిచ్చినప్పుడు. అప్పుడు అది కాంట్రాక్టర్ పెట్టాల్సిన ఖర్చును యజమాని భరించినట్టు, ఆ విలువ కలుస్తుంది.

నలభై లక్షల ఇల్లు: లెక్క వేసి చూద్దాం

2,000 చదరపు అడుగుల ఇల్లు, పన్ను కాకుండా అడుగుకి 2,000 రూపాయలు, మొత్తం 40 లక్షలు అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే, మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి. ఇటుకలకి పన్ను పద్ధతి వేరే కాబట్టి వాటినీ పక్కన పెడుతున్నాను.

మెటీరియల్ 25 లక్షలు: సిమెంట్ 4 లక్షలు, ఇనుము 6 లక్షలు, టైల్స్, పైపులు, వైర్లు, రంగులు వగైరా 11 లక్షలు. వీటన్నిటికీ 18 శాతం. ఇసుక, కంకర 4 లక్షలు, వీటికి 5 శాతం. కూలి, అజమాయిషీ, కాంట్రాక్టర్ లాభం కలిపి 15 లక్షలు.

కాంట్రాక్టర్ షాపుల్లో కట్టే పన్ను: సిమెంట్ మీద 72 వేలు, ఇనుము మీద 1.08 లక్షలు, టైల్స్ వగైరా మీద 1.98 లక్షలు, ఇసుక, కంకర మీద 20 వేలు. మొత్తం 3.98 లక్షలు. యజమానికి వేసే బిల్లు 40 లక్షలు, దాని మీద 18 శాతం 7.20 లక్షలు, మొత్తం 47.20 లక్షలు. ఈ 7.20 లక్షల్లోంచి తాను ముందే కట్టిన 3.98 లక్షలను మినహాయించుకుని మిగిలిన 3.22 లక్షలే ప్రభుత్వానికి కడతాడు. ఈ మినహాయింపునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు, వాడుకలో ఐటీసీ. వ్యాట్ అయినా జీఎస్టీ అయినా ఈ తరహా పన్నుకి ప్రాణం ఇదే.

ఇప్పుడు అదే ఇల్లు లేబర్ కాంట్రాక్ట్‌తో. యజమాని 25 లక్షల సరుకుకి 3.98 లక్షల పన్ను కట్టి కొంటాడు, మేస్త్రికి 15 లక్షలు పన్ను లేకుండా ఇస్తాడు. మొత్తం 43.98 లక్షలు. తేడా 3.22 లక్షలు. పైన కాంట్రాక్టర్ ఖజానాకి కట్టిన మొత్తం కూడా సరిగ్గా అంతే. దీనికి బదులుగా యజమాని తిరుగుడు, బేరాలు, వృథా, కాపలా అన్నీ నెత్తిన వేసుకుంటాడు. ఎండలో ఇసుక లారీ కోసం రోడ్డు మీద నిలబడినవాళ్లకి ఆ 3.22 లక్షలు ఎలా వచ్చాయో బాగా తెలుసు.

అసలు తప్పు జరిగేది ఇంకోచోట. కొందరు కాంట్రాక్టర్లు అడుగు రేటును షాపు బిల్లుల్లోని పన్నుతో సహా లెక్కగడతారు. అంటే 43.98 లక్షలను తమ రేటుగా చెప్పి, "జీఎస్టీ అదనం" అంటారు. దాని మీద 18 శాతం వేస్తే 51.90 లక్షలు. సరైన బిల్లు 47.20 లక్షలు కదా, తేడా 4.70 లక్షలు. షాపులో కట్టిన 3.98 లక్షల పన్నును కాంట్రాక్టర్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటూనే యజమాని దగ్గరా రాబట్టుకున్నట్టు, పైగా దాని మీద మళ్లీ పన్ను వేసినట్టు. ఇందులో మోసం ఉండాలనేమీ లేదు, సంచి మీద ధర చూసి లెక్కకట్టే అలవాటు చాలు.

"జీఎస్టీ కలిపి 40 లక్షలు" అని మాట్లాడుకుంటే లెక్క తిరగేయాలి: 40 లక్షలను 118తో భాగించి 18తో గుణిస్తే పన్ను 6.10 లక్షలు, పని విలువ 33.90 లక్షలు. ఒప్పందంలో "కలిపి", "అదనం" అన్న ఒక్క మాట దగ్గర 7.20 లక్షలు అటో ఇటో అవుతాయి.

సిమెంట్ తగ్గితే ఎవరికి మిగిలింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 4 లక్షల సిమెంట్ మీద పాత పన్ను 1.12 లక్షలు, కొత్తది 72 వేలు. తగ్గింది 40 వేలు.

లేబర్ కాంట్రాక్ట్‌లో ఆ 40 వేలు నేరుగా యజమానివే. విత్ మెటీరియల్‌లో కాంట్రాక్టర్ పాత 1.12 లక్షలనూ పూర్తిగా క్రెడిట్ తీసుకునేవాడు, అది అతనికి ఖర్చే కాదు. ఇప్పుడు క్రెడిట్ 40 వేలు తగ్గింది, ఖజానాకి కట్టేది 40 వేలు పెరిగింది. యజమాని బిల్లు 47.20 లక్షలు, కదల్లేదు. కాంట్రాక్టర్ చేతిలో ఆడే డబ్బు కొంచెం మెరుగుపడిందంతే. కాబట్టి "అప్పుడూ 18, ఇప్పుడూ 18" అన్న మాట నిజం. షాపు పన్నును రేటులో కలిపేసుకుని, పైన జీఎస్టీ వేస్తున్న కాంట్రాక్టర్ అదే మాట అంటే మాత్రం కుదరదు. అతని లెక్క ప్రకారమే రేటు 40 వేలు తగ్గాలి.

మేస్త్రికి జీఎస్టీ నంబర్ ఎప్పుడు కావాలి

సేవలకి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏడాదికి 20 లక్షల టర్నోవర్. సరుకుల వ్యాపారులకి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 40 లక్షల పరిమితిని కాంట్రాక్టర్లు తమదనుకుంటారు. కానీ వర్క్స్ కాంట్రాక్ట్ సేవ కిందికే వస్తుంది. ఏడాదిలో మన లెక్కలోలాంటి ఒక పూర్తి ఇల్లు విత్ మెటీరియల్ కట్టినా ఈ గీత దాటినట్టే.

మినహాయింపు ఉన్న కూలి పనులు మాత్రమే చేసే మేస్త్రికి టర్నోవర్ 20 లక్షలు దాటినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే అతను మధ్యలో ఒక షాపు కడితే, కూలికే అయినా సరే, కథ మారుతుంది. ఆ పనికి పన్ను ఉంది. పైగా పరిమితి లెక్కలోకి మినహాయింపు ఉన్న మిగతా ఇళ్ల కూలి కూడా కలుస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు. నంబర్ లేకుండా "18 శాతం అదనం" అని తీసుకుంటే ఆ డబ్బు ప్రభుత్వానిదే.

చిన్న కాంట్రాక్టర్లకి కాంపోజిషన్ దారి ఉంది: టర్నోవర్ 50 లక్షల లోపు సేవలకి 6 శాతం. ఆ 6 శాతం యజమాని దగ్గర పన్నుగా వసూలు చేయకూడదు, క్రెడిట్ కూడా ఉండదు. మన లెక్కలోనే చూస్తే, 43.98 లక్షల ఖర్చు రాబట్టుకుని 6 శాతం తన జేబులోంచి కట్టాలంటే మొత్తం ధర సుమారు 46.79 లక్షలు అవ్వాలి. యజమానికి ఇది 47.20 లక్షల కన్నా కాస్త తక్కువే. పన్ను పేరే కనిపించని బిల్లులోనూ పన్ను లోపల ఉంటుందనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

కింద మేం, పైన అద్దెకి: ఎటూ తేలని జీ ప్లస్ 2

కూలి పని మినహాయింపులో "ఒక్క నివాస యూనిట్" అన్నది అసలైన ముడి. మన మధ్యతరగతి ఇల్లు అంటే కింద సొంతం, పైన రెండు పోర్షన్లు అద్దెకి. నోటిఫికేషన్ నిర్వచనం ప్రకారం ఒక కుటుంబం కోసం రూపొందించిన, దానికదే పూర్తిగా ఉన్న ఇల్లు ఒక యూనిట్. ఇలాంటి యూనిట్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్న భవనం నివాస సముదాయం. మూడు వంటిళ్లు, మూడు కరెంటు మీటర్లు ఉన్న జీ ప్లస్ 2 ఈ మాటల ప్రకారం సముదాయమే. అలాగైతే 15 లక్షల కూలి మీద 2.70 లక్షల పన్ను పడుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది. స్థలం ఒకరిది, ప్లాన్ అనుమతి ఒకటే, అమ్మకానికి కాదు, ఇది సొంతిల్లే తప్ప కాంప్లెక్స్ ఎలా అవుతుంది అని. న్యాయంగా అనిపించే మాటే. కానీ నిర్వచనంలో యజమాని ఎంతమంది, అమ్ముతారా అద్దెకిస్తారా అన్న ప్రస్తావన లేదు, యూనిట్ల సంఖ్య ఒక్కటే ఉంది. అక్షరం కఠిన వాదన వైపే మొగ్గుతోందని నాకనిపిస్తుంది. లోపలి మెట్లు, ఒకే వంటిల్లు ఉన్న డూప్లెక్స్‌కి ఈ బెడద లేదు, అంతస్తులు రెండైనా యూనిట్ ఒకటే. పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేస్తే? కట్టేది కొత్తదే, కానీ అది పూర్తయ్యేసరికి భవనంలో యూనిట్లు రెండవుతాయి. ఇలాంటి ప్రశ్నల మీద అడ్వాన్స్ రూలింగ్, అంటే పన్ను ఎలా పడుతుందో ముందే అడిగి తెచ్చుకునే తీర్పు, తెచ్చుకోవచ్చు గానీ అది అడిగినవాళ్లకీ, వాళ్ల పన్ను అధికారికీ మాత్రమే వర్తిస్తుంది. పక్కింటికి పనికిరాదు.

"పన్నెండు ఇళ్లు దాటితేనే పన్ను" అనే మాట మీరు విని ఉంటే అది గాలి కబురు కాదు, కాలం చెల్లిన నిజం. 2005లో నివాస సముదాయాలను సర్వీస్ ట్యాక్స్‌లోకి తెచ్చినప్పుడు 12 కంటే ఎక్కువ ఇళ్లున్న భవనాలనే పట్టుకున్నారు. ఆ అంకె ఇప్పటి చట్టంలో లేదు.

అపార్ట్‌మెంట్ కొంటే వేరే దారి

బిల్డర్ దగ్గర కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొంటే పైన చెప్పినదేదీ వర్తించదు. 2019 ఏప్రిల్ 1 నుంచి మామూలు ఫ్లాట్‌కి 5 శాతం, అందుబాటు ధర ఫ్లాట్‌కి 1 శాతం. రెంటికీ బిల్డర్‌కి క్రెడిట్ లేదు. అందుబాటు ధర అంటే విలువ 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్లు, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల 90 చదరపు మీటర్ల లోపు. ఈ రేట్లలో భూమి విలువగా మూడో వంతు ముందే తీసేశారు. భవనం పూర్తయిందన్న ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక మొత్తం డబ్బు కట్టి కొంటే అది స్థిరాస్తి అమ్మకం, జీఎస్టీయే లేదు.

"ఫ్లాట్‌కి 5 అయితే నా ఇంటికి 18 ఏమిటి" అన్న కోపం సహజం. 5 శాతం వేసే చోట, బిల్డర్ సిమెంట్, ఇనుము, కాంట్రాక్టర్ల మీద కట్టిన పన్ను అంతా ఫ్లాట్ ధరలో దాగి ఉంటుంది. 18లో దాగినది ఉండకూడదు. బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లకి ఇది ఇంకా వింతగా ఉంటుంది. అక్కడ కొత్త ఇంటి నిర్మాణానికి వ్యాట్ సున్నా రేటు, కాంట్రాక్టర్‌కి క్రెడిట్ కూడా ఉంటుంది. పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తే మాత్రం మామూలుగా 20 శాతం.

అడ్వాన్స్, స్లాబు, రాష్ట్ర సరిహద్దు

బేస్‌మెంట్‌కి ఇంత, స్లాబుకి ఇంత అని దశలవారీగా రాసుకుంటే ఏ దశ డబ్బు ఎప్పుడు ఇవ్వాలో ఆ దశకి అప్పుడు బిల్లు రావాలి. అడ్వాన్స్ తీసుకున్నా ఆ అడ్వాన్స్ మీద అప్పుడే పన్ను. సరుకుల అమ్మకందారుకి ఈ విషయంలో ఉన్న వెసులుబాటు సేవలకి లేదు. విజయవాడలో రిజిస్టరైన కాంట్రాక్టర్ ఖమ్మంలో ఇల్లు కడితే పన్ను ఇల్లున్న చోటిది, రాష్ట్రం మారింది కాబట్టి బిల్లులో 9, 9 బదులు ఐజీఎస్టీ 18. యజమాని కట్టేది అంతే. ఆ యజమాని తన వ్యాపారానికి జీఎస్టీ నంబర్ ఉందని ఇంటి బిల్లును దాని మీద క్రెడిట్ తీసుకోబోతే చట్టం అడ్డుపడుతుంది.

బిల్లు వద్దంటే మిగిలేది ఎంత

"బిల్లు కావాలంటే 18 శాతం అదనం, వద్దంటే 40 లక్షలకే" అన్న బేరం వినని ఊరు లేదు. ఇది చట్టవిరుద్ధమన్నది తెలిసిందే, లెక్క మాత్రం చాలామంది వేయరు. బిల్లు లేకపోయినా కాంట్రాక్టర్ సిమెంట్, ఇనుము పన్ను కట్టే కొన్నాడు, ఆ 3.98 లక్షలకి ఇప్పుడు క్రెడిట్ లేదు. లాభంతో కలిపి అతనికి రావాల్సింది 43.98 లక్షలు. లాభం వదులుకోకుండా 40 లక్షలకే కడతానంటున్నాడంటే దారులు రెండే: తేడాను సరుకులోనో పనిలోనో రాబట్టుకోవడం, లేదా అసలు రేటే పెంచి చెప్పి ఉండటం. వాస్తవంగా తప్పిన పన్ను 7.20 లక్షలు కాదు, 3.22 లక్షలు. నిజాయితీగా లేబర్ కాంట్రాక్ట్‌కి ఇచ్చి ఉంటే, ఒక్క యూనిట్ ఇంటికి, ఆ 3.22 లక్షలే చట్టబద్ధంగా మిగిలేవి. పైగా సిమెంట్ షాపు నుంచి టైల్స్ షాపు దాకా బిల్లులన్నీ యజమాని పేరు మీదే ఉండేవి. రేపు ఇల్లు అమ్మినప్పుడు కట్టుబడికి ఎంతయిందని ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే చూపించేది ఆ బిల్లులనే.